మొదటి వరుసలో నల్ల ముడి

మా అక్క శివలీల ఏది అల్లినా మొదటి వరుసలో ఒక నల్ల ముడి వేసేది. గడప తోరణమైనా, టీవీ మీద కప్పే గుడ్డయినా, పసిపిల్లల టోపీ అయినా సరే, తెల్ల నూలు తిరిగి తిరిగి పువ్వయ్యేలోపల నడుమ నువ్వుగింజంత నలుపు ఒకటి ఉండేది. కొత్తవాళ్ళు మరకనుకుని గోటితో గీకేవాళ్ళు.

"గీకాకండి, అది దిష్టి సుక్క," అనేది అక్క.

"గుడ్డకు గూడా దిష్టేనా శివలీలా?" అని మా బావ బసవరాజు వెక్కిరించేవాడు. ఆయనకు కోడుమూరులో పిండి గిర్నీ ఉండేది. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లగా ఉండేవాడు.

"గుడ్డకు గాదు, దాన్ని కట్టుకునేటోళ్ళకు. నీకు మాత్రం అక్కర్లేదులే. ఆ మొకం సూసి ఎవురు దిష్టి పెడతారు?"

ఆమెకు అల్లిక నేర్పింది ఒక మిషన్ ఆస్పత్రి నర్సమ్మ. పద్నాలుగేళ్ళప్పుడు కాలు విరిగి అక్క అక్కడ నెలన్నర మంచం మీద ఉంది. ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి ఆ నర్సమ్మ తన కొక్కెం సూదీ, దారపు ఉండా చేతికిచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు సూది తిరిగి ఇచ్చెయ్యాల్సి వచ్చింది. మా నాయన సైకిల్ పుల్ల ఒకటి విరిచి, కొసన ఆకురాయితో గాడి తీసి, వంచి, ఇంకో సూది చేసిచ్చాడు. ఆ తర్వాత ఆమె ఎన్ని సూదులు కొన్నదో తెలియదు కానీ, పెద్ద పనికి మాత్రం ఆ సైకిల్ పుల్లే తీసేది.

అక్క పోయి ఎనిమిది నెలలైంది. మూత్రపిండాల జబ్బు. ఆమె గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా నాకు ఆస్పత్రి గుర్తుకు రావడం లేదు. మూడేళ్ళ కిందటి ఒక డిసెంబరు గుర్తుకొస్తోంది. నవంబరు ఆఖరున కడప కాలేజీలో ఉద్యోగ విరమణ చేసి, ఆ నెలలోనే నేను పది రోజులుందామని కోడుమూరు వెళ్ళాను.

అక్కావాళ్ళ ఇల్లు చర్చి వీధిలో. వాకిట్లో అరుగు మీద కూర్చుంటే ఎదురుగా చర్చి గేటు కనపడుతుంది. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళు చేసి పంపాక అక్క పొద్దంతా ఆ అరుగు మీదే అల్లుకుంటూ ఉండేది. పక్కిల్లు లేవి సారుది. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి, చర్చిలో సంఘ పెద్ద. ప్రతి క్రిస్మస్‌కూ చర్చిలో చెట్టు నిలబెట్టే పని ఆయనదే. కర్నూలు నుంచి సరుగుడు కొమ్మ తెప్పిస్తే మూడో రోజుకే వాడిపోతోందని, ఎన్నేళ్ళనుంచో ఆయన ఊరవతల నుంచి మంచి గుబురైన కంప కొమ్మ ఒకటి నరికించి, దానికి సున్నం కొట్టించేవాడు. తెల్లగా, నిండా ముళ్ళతో ఉండేది. దేన్ని తగిలించాలన్నా వేరే కొక్కెం అక్కర్లేదు.

ఆ ఏడు లేవి సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఆదివారం బడికి వచ్చే పిల్లలు నలభైయొక్క మంది. ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క నక్షత్రం అల్లిస్తే, పండగ ముందు రోజు చెట్టుకు కట్టి, పండగనాడు ఆరాధన అయ్యాక ఎవరిది వాళ్ళ చేతికిచ్చి పంపవచ్చు. సంవత్సరమంతా ఇంట్లో తగిలించుకుంటారు.

"సేస్తావా తల్లీ? ప్లాస్టిక్ సుక్కలు కొనబుద్ధి కావడంల్యా," అన్నాడు.

"పిల్లోళ్ళకంటే సెయ్యకుండా ఉంటానా సార్?" అంది అక్క.

నేను వెళ్ళేసరికి నలభైయొక్కటీ అయిపోయాయి. ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకదాని కొనలు శెనక్కాయ పువ్వులా ఉంటే, ఇంకోదానివి చెక్క దువ్వెన పళ్ళలా ఉన్నాయి. మిద్దె మీద వాటిని సగ్గుబియ్యం గంజిలో ముంచి, పిండి, బోర్లించిన చేటల మీద పరుస్తోంది. మొనలు సాగదీసి నిలబెట్టడానికి గుండుసూదులు వాడదు, తుప్పు మరక పడుతుందని. కంప ముళ్ళే గుచ్చుతుంది. సాయంత్రం బడి వదలగానే పిల్లలు అరుగు మీదికి ఎగబడేవాళ్ళు.

"అవ్వా, నాది ఏది?"

"నీది ఇంగా ఎండుతాండాది. సేతులు కడుక్కున్యావా? సూపీ."

"నాది వీనిదానికంటే పెద్దదా?"

"నీ నోరంత పెద్దది, పో."

అందరిలోకీ చిన్నది కెజియా, కొత్త పాస్టరు గారి కూతురు, అయిదేళ్ళది. గుంటూరు వైపు నుంచి ఆ ఏడే వచ్చారు. ఆ పిల్ల ఏమీ అడిగేది కాదు. వచ్చి, తన పేరు చీటీ కట్టి ఉన్న నక్షత్రాన్ని వేలితో ఒకసారి తాకి వెళ్ళిపోయేది.

పండగ ఇంకా పది రోజులుందనగా లేవి సారు, పాస్టరు గారు కలిసి వచ్చారు. పాస్టరు గారు ముప్ఫై దాటిన మనిషి. ఒక నక్షత్రాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎంత బాగా అల్లారమ్మా! మధ్యలో ఈ నల్లది ఏమిటండీ? అన్నిటికీ ఉంది."

"దిష్టి సుక్క సామీ. పసిపిల్లోళ్ళ పేరు మీద అల్లినవి గదా."

ఆయన నక్షత్రాన్ని మెల్లగా చేటలో పెట్టాడు.

"అమ్మా, మీ మనసు నాకు అర్థమైంది. కానీ దేవుడే మిమ్మల్ని కాపాడతాడని మేం ఈ పిల్లలకు వారం వారం చెబుతాం. మళ్ళీ మేమే దిష్టి చుక్క చేతికిచ్చి ఇంటికి పంపితే, వాళ్ళు ఏది నమ్మాలి? ఆ నల్ల ముడి ఒక్కటీ తీసేస్తే సరిపోతుంది."

అక్క ఆయన వంక చూసి నవ్వింది. "ఒక్కటి తీసేకి కాదు సామీ. ఇది నడిమి నుంచి పుట్టి బయటికి పెరుగుతాది. మొదటి వరస తెగిందంటే ఇంగ సుక్క యాడిది? దారమే మిగుల్తాది."

లేవి సారు మధ్యలో కల్పించుకున్నాడు. "పైన తెల్ల పూస ఒకటి కుట్టితే కనపడదు గదా తల్లీ?"

"కనపడకుంటే అది దిష్టి సుక్క ఎట్లయితాది సార్? సూసేటోళ్ళ కన్ను ముందు దాని మీద పడాల. అందుకేగదా పెట్టేది."

పాస్టరు గారికి నవ్వొచ్చింది, కానీ ఆపుకున్నాడు. ఆయన మాట మార్చలేదు. ముడి ఉంటే చెట్టుకు కట్టలేమని, నొచ్చుకోవద్దని, రెండుసార్లు చేతులు జోడించి వెళ్ళాడు. లేవి సారు వెనకే పోతూ తిరిగి తిరిగి చూశాడు.

నాకు కోపం వచ్చింది. "ఇయ్యొద్దులే అక్కా. నువ్వే ఏదో ఒక రోజు పిల్లల్ని పిలిచి పంచిపెట్టు. చెట్టుకు కట్టకపోతే ఏం?"

"పిల్లోళ్ళు సెట్టు మీద సూసుకోవాలని గదా ఎదురుసూస్తాండేది," అంది అక్క. "ఆయన మాట తప్పేం గాదు కుమారీ. వాళ్ళ గుళ్ళో వాళ్ళ మాటే నడవాల. మన గుళ్ళో మనం సెప్పులు ఇడిసి రమ్మంటే రారా?"

"అయితే విప్పేసి తెల్లగా అల్లు."

ఆమె చేటలోని ముళ్ళు ఒకటొకటిగా పీకసాగింది. అప్పుడు నాకు తట్టింది, ఎవరికి ఏం చెబుతున్నానో.

ముప్ఫై ఏళ్ళ కింద నాకు కొడుకు పుట్టాడు, సుధీర్. బారసాలకు అక్క కోడుమూరు నుంచి కడపకు తెల్ల టోపీ ఒకటి అల్లుకొచ్చింది. పాల నురుగులా ఉంది, నెత్తి మీద నల్ల ముడితో. నేను అప్పటికి కొత్తగా లెక్చరరును. కాలేజీ నుంచి అందరూ వస్తారు, ఈ నల్ల మచ్చ ఏంటి, తీసేయమన్నాను. అక్క నా ఎదుటే కూర్చుని టోపీ మొత్తం విప్పి, రెండు రోజుల్లో మళ్ళీ తెల్లగా అల్లింది. బారసాలనాడు టోపీని మెచ్చుకోని మనిషి లేడు. మూడో రోజు పిల్లవాడికి జ్వరం. ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నారు డాక్టర్లు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

వాడు బతికాడు. ఇప్పుడు ఆరడుగుల మనిషి. ఆ జ్వరానికీ టోపీకీ సంబంధం లేదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఆ పదకొండు రోజులూ అక్క ఆస్పత్రి వరండాలో అన్నం ముట్టకుండా కూర్చుంది. "నా సేత్తో నేనే తీసేస్తి," అని నిద్రలో కలవరించేదని చాలా ఏళ్ళ తర్వాత బావ చెబితే తెలిసింది. నన్ను మాత్రం ఆమె ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి నల్ల ముడి లేకుండా ఏదీ అల్లలేదు.

ఇప్పుడు ఒక టోపీ కాదు. నలభైయొక్క మంది పిల్లలు.

ఆ మధ్యాహ్నం చాలాసేపు అక్క చేటల ముందే కూర్చుంది. బావ గిర్నీ నుంచి వచ్చి సంగతి విని, పిండి చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం జేద్దామంటావు?"

"నీళ్ళు కాగబెట్టు."

"ఏంటికి?"

"గంజి పెట్టినవి ఇప్పాలంటే వేణ్ణీళ్ళు గావాల గదా. ఏంటికంట!"

నలభైయొక్క నక్షత్రాల్నీ వేడినీళ్ళలో నానబెట్టాం. గంజి కరిగి మెత్తబడ్డాక ఒకటొకటిగా విప్పాం. ఆమె చివరి ముడి వెతికి కొస లాగితే, నేను దారాన్ని మోకాళ్ళకు చుట్టేదాన్ని. గిరగిరా తిరుగుతూ శెనక్కాయ పువ్వులూ దువ్వెన పళ్ళూ కరిగిపోయేవి. చివరికి వేలి మీద నల్ల దారపు పోగు ఒకటి మిగిలేది. ఒకసారి అల్లి విప్పిన దారం మెలికలు తిరిగిపోతుంది. దాన్ని ఉతికి, దండెం మీద రాళ్ళు కట్టి సాగదీసి ఆరబెట్టింది. మర్నాడు పొద్దున సైకిల్ పుల్ల తీసింది.

ఎనిమిది రోజులు అల్లింది. వంట నేను చేశాను. పిల్లలకు ఏం చెప్పాలో తెలియక, నక్షత్రాలు స్నానానికి పోయాయని లేవి సారు చెప్పాడట. "నిజమే అవ్వా?" అని వాళ్ళు అడిగితే, "అవును, మీరే పోసుకుంటల్యా, అయ్యన్నా పోసుకోనీ," అంది.

అల్లేటప్పుడు ఆమెను చూడలేకపోయేదాన్ని. మొదటి వరుస దగ్గర ప్రతిసారీ చెయ్యి ఆగేది. ఎడమ చెయ్యి పక్కనున్న నల్ల దారం ఉండ కోసం తనంతట తానే వెళ్ళేది. వెళ్ళి, ఖాళీగా తిరిగి వచ్చేది. మూడోరోజు నేను ఆ నల్ల ఉండను తీసి లోపల దాచబోయాను.

"ఆడే ఉండనీ," అంది. "అది లేకుంటే నాకు ఇంగా బయమయితాది."

"అక్కా, సుధీర్‌కు జ్వరం వచ్చింది టోపీ వల్ల కాదు," అన్నాను. ముప్ఫై ఏళ్ళలో మేమిద్దరం ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"నువ్వు సదువుకున్యావు. నీకు తెలుసు," అంది, సూది ఆపకుండా. "నాకు తెల్దు. తెలీనోళ్ళు జాగ్రత్తగా ఉండాల గదమ్మా."

"నేను తీసేయమన్నందుకు నా మీద కోపం రాలేదా?"

"నీ మీద ఏంటికొస్తాది? బిడ్డ నీది గదా." దారం సూది మీదికి తీసుకుని, "అప్పుడు నీకు ఎట్లుండిందో అని నేను ఎన్నడూ అడగల్యా. భయపడి అడగల్యా," అంది.

నేను దారం చిక్కు పడిందని వంగి సరిచేస్తూ కూర్చున్నాను.

పండగ ముందు రోజు పొద్దున తెల్లటి నక్షత్రాలు నలభైయొక్కటీ లేవి సారు ఇంటికి చేరాయి. సాయంత్రానికి చర్చిలో సున్నం కొట్టిన కంప నిండా అవే. మేం చూడ్డానికి పోయాం. ముల్లుకొక నక్షత్రం. పాస్టరు గారు ఎదురొచ్చి అక్క చేతులు పట్టుకున్నాడు. "మిమ్మల్ని చాలా కష్టపెట్టానమ్మా," అన్నాడు. అక్క చెట్టును చూడలేదు. చెట్టు చుట్టూ తల పైకెత్తి వెతుక్కుంటున్న పిల్లల్ని చూస్తూ ఉంది.

ఇంటికి వచ్చాక ఇత్తడి గిన్నెలో ఆముదం పోసి దీపం వెలిగించి, పైన పళ్ళెం బోర్లించింది. పళ్ళేనికి మసి పడుతోంది.

"కాటుక ఎవరికక్కా?"

"సుక్కల మీద వద్దన్యారు. సరే అంటి. పిల్లోళ్ళ మీద వద్దనల్యా గదా."

"చర్చిలోకి పోయి పెడతావా?"

"వాళ్ళ గుళ్ళోకి నేను ఏంటికి పోతా? నా అరుగు మీద నేను కూసుంటా. పిల్లోళ్ళు ఈ దావనే గదా పోవాల. వాళ్ళమ్మల్ని అడిగి, పెట్టమన్నోళ్ళకే పెడతా. ఆరాధనప్పుడు మొగానికి వద్దు. అరికాల్లో పెడితే ఎవురికీ కనపడదు."

"కనపడకపోతే దిష్టి చుక్క ఎట్లయితుందక్కా?" అన్నాను.

ఆమె నా వంక ఒక చూపు చూసింది. "శానా తెలివైనదానివి. పో, వత్తి ఎగదొయ్."

క్రిస్మస్ పొద్దున కాటుక భరిణె ఒళ్ళో పెట్టుకుని అక్క అరుగు మీద కూర్చుంది. కొత్త బట్టల వాసనతో తల్లులూ పిల్లలూ వీధి మలుపు తిరిగారు. అక్క మొదటి తల్లిని పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె పక్కున నవ్వింది.

"మా అత్త బతికుండంగా మాకు గూడా అరికాల్లోనే పెట్టేది. పెట్టక్కా. ఒరే, షూ ఇప్పు."

తర్వాత ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయింది. అరుగు నిండా షూలు, మేజోళ్ళు. చక్కిలిగిలికి కేకలు.

"కదలాకు, సుక్క తోకయితాది."

"అవ్వా, నాకు రెండు కాళ్ళకీ!"

"ఒకటే. రెండోది దిష్టి పెట్టేటోళ్ళకు మిగలనీ."

"నా షూ యాడ? ఇది నాది గాదు!"

ఇద్దరు తల్లులు మాత్రం వద్దన్నారు. ఒకామె మర్యాదగానే, "మేం ప్రార్థన చేసుకుంటాం అక్కా," అంది. "అట్లనే తల్లీ, అదే మంచిది," అని అక్క ఆ పిల్లల తల నిమిరి పంపింది.

చర్చి గంట మోగింది. ఇద్దరు ముగ్గురు తప్ప పిల్లలు లోపలికి రాకపోయేసరికి పాస్టరు గారు తెల్ల అంగీతో గేటు బయటికి వచ్చాడు. ఎదురరుగు మీద తన ఆదివారం బడి దాదాపు మొత్తం ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఆయనకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పిల్లలు షూలు చేతబట్టుకుని పరుగు తీశారు. వాళ్ళ మధ్యనుంచి కెజియా మాత్రం ఇటువైపు వచ్చింది. అరుగు మీద కూర్చుని, షూ విప్పి, మేజోడు లాగి, కాలు అక్క ఒళ్ళో పెట్టింది.

అక్క వేలు భరిణెలో ఉంది. తండ్రి వీధి దాటి వస్తున్నాడు.

అక్క భరిణె మూత పెట్టేసింది.

"మీ నాయన్ని అడగల్ల గదా బంగారూ. అడగకుండా పెట్టగూడదు," అని మేజోడు తిరిగి తొడిగింది. కెజియా ఏడవలేదు. అందరికీ ఉన్నది తనకు లేదని మాత్రం తెలిసి, కింది పెదవి బయటికి వచ్చింది.

అక్క కాసేపు ఆ ముఖాన్ని చూసింది. తర్వాత రెండు చేతులూ చాచి, తాకీ తాకకుండా, నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా దింపి, వేళ్ళు తన కణతలకు ఆనించి నొక్కింది. పదివేళ్ళూ టపటపమన్నాయి. ఆ సైగ తెలియని తెలుగిల్లు ఉండదు. ఎదుట నిలబడ్డ ఆయనకూ తెలుసు.

"అదేమిటమ్మా?" అన్నాడు పాస్టరు గారు.

"మెటికలు సామీ," అంది అక్క, తల ఎత్తకుండా. "ఎనిమిది రోజులు అల్లితి గదా. సేతి ఏళ్ళు పట్టేసినాయి."

ఆయన వంగి కూతురికి షూ తొడిగి తాడు కట్టాడు. కట్టడం అయ్యాక కూడా లేవలేదు.

"నొప్పి తగ్గిందా మరి?"

"ఇంగొక్కసారి ఇరిస్తే తగ్గుతాది."

చర్చిలో పాట మొదలైంది. ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, అక్క ఇంకోసారి ఆ పిల్ల ముఖం మీదుగా చేతులు దింపి మెటికలు విరిచేదాకా, అక్కడే ఉన్నాడు.